మూసిన తలుపు ముందు ఆగిన కెమెరా

ఎడిటింగ్ గదిలో ఒక మూల, లోపల గుడ్డ సంచీ పరిచిన పెద్ద తొట్టి ఉండేది. దాని మీద అడ్డంగా ఒక కమ్మీ, కమ్మీ పొడవునా పిన్నులు. ఒక్కో పిన్నుకు రెండు మూడు ఫిలిం ముక్కలు, అంచు చిల్లుల దగ్గర గుచ్చి, కింది కొస సంచీలోకి జారేలా వేలాడదీసేవారు. అవన్నీ సినిమాలోంచి తీసేసినవే. ఏడుస్తున్న ముఖం ఒకటి, కింద పడుతున్న మనిషి ఒకటి, గదిలోకి నడిచొస్తున్న కాళ్లు ఇంకొకటి. లైటుకెదురుగా పట్టుకుంటే బొమ్మ కనిపించేది, మూర వేసి కొలిస్తే పొడవు తెలిసేది. చూపకూడదనుకున్నదాన్ని కూడా చేత్తో పట్టుకుని చూడగలిగిన రోజులవి. ఇప్పుడు తీసేసిన షాటు ఒక మీట నొక్కితే మాయమవుతుంది, ఇంకో మీట నొక్కితే తిరిగొస్తుంది. పని తేలికైంది, సంతోషమే. ఆ తొట్టి ముందు నిలబడి "ఇది లేకుండా నడుస్తుందా?" అని పది నిమిషాలు తటపటాయించే అలవాటు మాత్రం పోయింది.

సినిమా ప్రేక్షకుడి ఊహకు ఇంకా ఎక్కువ వదలాలా అంటే, వదలాలి. అందులో మాకు సందేహం లేదు. అయితే వదలడమంటే ఖాళీగా ఉంచడం కాదు. ఖాళీ చుట్టూ గట్టు కట్టాలి. ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది, దాని అవతల ఏముందని ప్రేక్షకుడు అనుకోవాలి, ఈ మూడూ తీసేవాళ్లకు తెలిసి ఉండాలి. రీళ్ల కాలంలో ఈ లెక్క అందరికీ అడుగుల్లో వచ్చేది. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాల పైచిలుకు. కెమెరా తిరిగినంతసేపూ ముడి ఫిలిం ఖర్చు, ఆ తర్వాత ల్యాబు ఖర్చు. అందుకే ఏది తీయకూడదో షూటింగుకు ముందే తేల్చుకునేవారు. పొదుపు కోసం మొదలైన ఆ తర్జనభర్జనలోంచి చాలాసార్లు కళ పుట్టింది.

తలుపును హాలీవుడ్ దర్శకుడు ఎర్న్‌స్ట్ లుబిచ్ వాడుకున్నట్టు ఎవరూ వాడుకోలేదు. 1934లో ఆయన తీసిన 'ది మెర్రీ విడో'లో రాజు రాణి పడకగదిలోంచి బయటికొస్తాడు. కాపలా ఉన్న సైనికాధికారి, రాజు అటు వెళ్లగానే లోపలికి జారుకుంటాడు. కాసేపటికి రాజుకు తన కత్తి, నడికట్టు మరచిపోయానని గుర్తొస్తుంది. వెనక్కి వెళ్లి తెచ్చుకుంటాడు. కెమెరా మాత్రం బయటే ఉంటుంది. రాజు నడుస్తూ నడికట్టు పెట్టుకోబోతే అది ఆయన పొట్టకు చాలదు. అంతే. లోపల ఏం జరిగిందో ఒక్క ఫ్రేము లేదు, ఒక్క మాట లేదు. రాజుది లావుపాటి నడుమని ముందే చూశాం, అధికారిది సన్నటి నడుమనీ చూశాం, ఒకడు వెళ్లగానే ఇంకొకడు లోపలికి దూరడమూ చూశాం. ఈ మూడూ విడివిడిగా మామూలు విషయాలే. వాటిని కలిపే నాలుగోది ప్రేక్షకుడి బుర్రలో ఉంది. పైగా రాజు కంటే అర సెకను ముందే మనకు తెలిసిపోవాలి, అప్పుడే నవ్వు పేలుతుంది. నడికట్టు చాలకపోవడాన్ని దగ్గరి షాటులో ముందే చూపి ఉంటే ఆ అర సెకను పోయేది.

హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలై 1968 దాకా నడిచిన ప్రొడక్షన్ కోడ్, అంటే తెర మీద ఏది చూపకూడదో చెప్పే నియమావళి, పడకగదుల ముందు ఇలాంటి తలుపుల్ని చాలా వేయించింది. కట్టడి ఉంటేనే కళ వస్తుందని దీన్ని చూపించి అనేవాళ్లున్నారు. ఆ మాటతో మేం ఏకీభవించం. అదే కోడు ఎన్నో కథల గొంతు నొక్కింది. పైగా కట్టడి వల్ల పుట్టిన సంకేతాలన్నీ ఊహకు పని చెప్పలేదు. మనిషి పోతే ఆరిపోయే దీపం, ఏళ్లు గడిస్తే ఎగిరిపోయే క్యాలెండరు కాగితాలు, జంట దగ్గరైతే రాళ్లను కొట్టే కెరటం. మొదటిసారి చూసినవాడు ఊహించుకున్నాడు. పదోసారి చూసినవాడు రోడ్డు పక్క బోర్డు చదివినట్టు చదివేశాడు. చూపకపోవడమే గొప్ప కాదు. చూపనిదాని బదులు పెట్టినది ఆ కథలోంచే రావాలి. లుబిచ్ నడికట్టు ఇంకో కథలో పనికిరాదు. ఆరిపోయే దీపం ఏ కథలోనైనా ఇమిడిపోతుంది, అందుకే ఎక్కడా గుచ్చుకోదు.

డబ్బు లేకపోవడం, యంత్రం మొరాయించడం కూడా కొన్నిసార్లు గురువులయ్యాయి. హాలీవుడ్‌లోని ఆర్.కె.ఓ. సంస్థలో నిర్మాత వాల్ లూటన్‌కు ఒక్కో సినిమాకు లక్షన్నర డాలర్ల పరిమితి. 1942లో జాక్ టూర్నర్ దర్శకత్వంలో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒక అమ్మాయి రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకొక స్త్రీ. వినిపించేవి రెండు జతల మడమల చప్పుళ్లే. ఒకరి షాటు, మరొకరి షాటు, మార్చి మార్చి. ఎక్కడో రెండో జత చప్పుడు ఆగిపోతుంది. ముందు నడిచే అమ్మాయి అడుగులు తొందరవుతాయి. వెనక ఖాళీ రోడ్డు, అంతే. అప్పుడు మృగం బుసకొట్టినట్టు ఒక శబ్దం, తెరలోకి దూసుకొచ్చేది మాత్రం బస్సు! ఆ బుస దాని బ్రేకులది. ఆ తర్వాత వచ్చిన భయానక చిత్రాలెన్నో ఈ బస్సును అనుకరించాయి, కానీ ఎక్కువమంది బస్సును తీసుకుని అడుగుల చప్పుడును వదిలేశారు. భయపెట్టింది బస్సు కాదు. రెండో జత అడుగులు ఆగిపోయాక వచ్చిన ఆ కొద్ది సెకన్లు.

'జాస్' (1975) సంగతి అందరికీ తెలిసిందే. గాలి ఒత్తిడితో నడిచే సొరచేప బొమ్మలు సముద్రపు ఉప్పునీటిలో పదేపదే చెడిపోవడంతో, చేప పూర్తిగా కనిపించేసరికి దాదాపు 80 నిమిషాలు గడిచిపోతాయి. దాని బదులు పెట్టిన పసుపు పీపాల గురించి మాత్రం తక్కువగా మాట్లాడతారు. చేపకు తాడుతో పీపాను తగిలిస్తారు. పీపా నీటి మీద పరుగెడితే చేప పరుగెడుతున్నట్టు, మునిగితే చేప లోతుకు పోయినట్టు. ఒక పీపాతో మునిగింది, సరే. మూడు పీపాలతో మునగలేదని పడవలోవాళ్లు ధీమాగా ఉంటారు. మూడూ మునిగిపోతాయి. చేప బలమెంతో ప్రేక్షకుడు లెక్కపెట్టుకునేలా అక్కడ ఒక కొలత ఇచ్చారు. కనిపించనిదానికి కొలత ఉంటే అది పెరుగుతుంది, లేకపోతే మసకబారుతుంది.

ఇక కోత బల్ల మీద ఈ పని ఎలా జరిగేదో ఒక చిన్న సన్నివేశంతో చెప్తాం. ఒక తల్లి ఇంట్లో కుట్టు మిషను మీద పనిచేస్తుంటుంది. పెద్ద కొడుకు దూరాన ఉన్నాడు, జబ్బు చేసిందని అంతకుముందు వచ్చిన ఉత్తరంలో ఉంది. చిన్నది గుమ్మం బయట నేల మీద బొమ్మలు గీసుకుంటోంది. పోస్ట్‌మ్యాన్ వస్తాడు, కవరు అందుతుంది, తలుపు మూసుకుంటుంది. కొడుకు పోయాడని ఆ కవరులో ఉంది.

మామూలుగా అయితే ఇక్కడ నాలుగు షాట్లు తీస్తారు. కవరు చింపడం, ఉత్తరంలోని అక్షరాలు, తల్లి ముఖం, ఉత్తరం చేజారడం. వాటన్నిటినీ తీసి పిన్నులకు తగిలించేస్తే మిగిలేది చిన్నపిల్ల మీద ఒకే షాటు, వెనక మూసిన తలుపు, లోపల్నించి మిషను చప్పుడు. తలుపు పడ్డాక మిషను మళ్లీ మొదలవుతుంది. ఉత్తరం పక్కన పెట్టి కుట్టు వరస పూర్తి చేస్తోందన్నమాట. 9 అడుగులు, అంటే 6 సెకన్లు నడిచి, వరస మధ్యలో ఆగిపోతుంది. ఆ తర్వాత 12 అడుగులు, 8 సెకన్లు, ఏమీ లేదు. పిల్ల తలెత్తి చూసి మళ్లీ గీసుకుంటుంది. మిషను మొదలవదు. అక్కడ కట్.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. రష్ ప్రింటు, అంటే కోతకు వాడే నకలు, వేసి చూస్తే మొదటిసారి దాదాపు ఎప్పుడూ పనిచేయదు. ముఖ్య కారణం, మిషను ఆగడమంటే ఏమిటో ప్రేక్షకుడికి ఇంకా నేర్పలేదు. అందుకని కథలో ముందే, ఏ బరువూ లేని చోట, రెండుసార్లు ఆ చప్పుడును నాటాలి. మొదటిసారి మాటల వెనక ఊరికే నడుస్తుండాలి. రెండోసారి దారం తెగి 3 సెకన్లు ఆగి మళ్లీ మొదలవ్వాలి. ఆ రెండోదే కీలకం. ఆగితే 3 సెకన్లలో మొదలవుతుందని చెవికి తెలిసిపోయింది. ఉత్తరం వచ్చిన రోజు నాలుగో సెకను దాటగానే గుండె దడ మొదలవుతుంది. పిల్ల తలెత్తేది కూడా ఆ నాలుగో సెకను దాటాకే. అంతకు ముందే తలెత్తితే నటికి స్క్రిప్టు తెలిసిపోయినట్టుంటుంది, ప్రేక్షకుడు తనంతట తాను కనుక్కున్నానన్న భావమూ పోతుంది.

రెండో తప్పు పొడవులో జరుగుతుంది. ఆ నిశ్శబ్దం 3 అడుగులకు తగ్గితే దారం తెగిందనుకుంటారు. 20 అడుగులు దాటితే కథలోంచి బయటపడి "ఇదేదో దర్శకుడి పనిలా ఉందే" అని గమనించడం మొదలెడతారు. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆపాలన్నది ఆ పిల్ల చేతి కదలికను బట్టి ఉంటుంది. అందుకే గ్రీజు పెన్సిలుతో మూడు చోట్ల గీత పెట్టుకుని, ఒక్కో గీత దగ్గర అతికించి, పక్కనున్నవాళ్లకు చూపించి, టేపు ఊడదీసి మళ్లీ అతికించేవారు. రష్ ప్రింటు మీద టేపు అతుకు కాబట్టి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కెమెరాలో తిరిగిన అసలు నెగెటివ్ కోసి ఫిలిం సిమెంటుతో అతికించాక అలా కుదరదు, మళ్లీ కలపాలంటే అతుకు దగ్గర ఫ్రేము పోతుంది. తేల్చుకోవడం అంతకు ముందే అయిపోవాలి.

మూడోది సంగీతం. మిషను ఆగిన క్షణంలో వయొలిన్ ఎత్తుకుంటే ఆ ఖాళీ నిండిపోయినట్టే. "ఇప్పుడు బాధపడండి" అని చెప్పడమది. సంగీతం కావాలంటే కట్ తర్వాత, వచ్చే సన్నివేశంలో.

నాలుగోది కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది. నిశ్శబ్దం కావాలని శబ్దం ట్రాకు మొత్తం కోసేసి, ఏమీ రికార్డు కాని ముక్క అతికిస్తారు. అప్పుడు హాల్లో స్పీకర్లు చచ్చిపోయినట్టుంటుంది, జనం వెనక్కి తిరిగి ప్రొజెక్టరు గది వైపు చూస్తారు. నిశ్శబ్దానికీ ఒక శబ్దం ఉంది. షూటింగు చేసిన చోటే, అందరినీ కదలకుండా నిలబెట్టి, 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఉత్త గాలిని రికార్డు చేసుకోవాలి. దాన్ని గది శబ్దం అంటారు. మిషను ఆగాక ఆ గది శబ్దం, బయటి గాలి, నేల మీద సుద్దముక్క రాపిడి ఉండాలి. సుద్ద రాపిడి అంతకు ముందు మిషను చప్పుడులో కలిసిపోయి ఉంటుంది, ఇప్పుడు బయటపడుతుంది. చిన్న శబ్దం వినిపించడం మొదలైతేనే పెద్ద శబ్దం లేదని చెవి గుర్తుపడుతుంది. మిషను కూడా ఠక్కున తెగకూడదు. చక్రం బరువుకు ఇంకో రెండు మూడు టకటకలు నెమ్మదించి ఆగాలి. కాలు తీసేసిందని అప్పుడే తెలుస్తుంది.

ఊహకు బొమ్మ కంటే శబ్దమే దగ్గర దారి. 'ది గాడ్‌ఫాదర్' (1972) హోటల్ హత్యలో, మైకేల్ తుపాకీ తీసే ముందు రైలు పట్టాల కీచు చెవులు చిల్లులు పడేలా వినిపిస్తుంది. రైలు తెర మీద ఎక్కడా లేదు. శబ్దాల పని చూసిన వాల్టర్ మర్చ్ ఆ కీచును సహజమైన స్థాయి కంటే బాగా పెంచి పెట్టారు. అక్కడ వేరే సంగీతం లేదు, అది తుపాకీ చేజారాకే వస్తుంది. రైలని మెదడుకు తెలుసు, కానీ అది వినిపించేది మైకేల్ తలలోంచి. 'పథేర్ పాంచాలి' (1955)లో దారి దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. ఇంటికొచ్చిన తండ్రి, కూతురు లేదని తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర తల్లి చేతికిస్తాడు. తల్లి బద్దలవుతుంది. ముఖం పూర్తిగా కనిపిస్తుంది, నోరు తెరిచి ఉంటుంది, గొంతు మాత్రం వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయ్ అనే తీగ వాద్యం పై స్థాయిలో పలుకుతుంది. ముఖం దాచి శబ్దం ఇవ్వడం ఒక పద్ధతి, ముఖం ఇచ్చి శబ్దం దాచడం ఇంకొకటి. రెండూ ఒకేసారి ఇస్తే ప్రేక్షకుడికి చేయడానికేమీ మిగలదు, రెండూ దాచేస్తే పట్టుకోవడానికేమీ దొరకదు.

చీకటి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి సినిమాల మీద అందరి ఫిర్యాదూ అదే. "ఏమీ కనిపించడం లేదు" అంటారు, "ఊహకు వదిలాం" అని జవాబొస్తుంది. ఫిలిం రోజుల్లో చీకటి కావాలంటే నెగెటివ్‌కు సరిపడా వెలుతురిచ్చి, ప్రింటులో లైటు మార్చి కిందికి దించేవారు. ప్రింటు తీసే యంత్రంలోని లైట్లకు 1 నుంచి 50 దాకా పాయింట్లు, 25 మామూలు స్థాయి, ఏడెనిమిది పాయింట్లు మారితే ఒక స్టాపు తేడా, అంటే కెమెరాలో వెలుతురు రెట్టింపో సగమో అయినంత. అలా చేస్తే నలుపు చిక్కగా, శుభ్రంగా ఉండేది. అలాకాక నెగెటివ్‌నే రెండు మూడు స్టాపులు తక్కువ వెలుతురులో తీసి, ప్రింటులో పైకి లాగితే నలుపు పాలు కలిపినట్టయ్యేది, గింజలు తేలేవి. డిజిటల్‌లో సమస్య వేరు. చీకటి గదిలో, సరిచేసిన మానిటరు మీద రంగులు దిద్దుతారు. చూసేవాడు లైటు వేసుకున్న గదిలో, మామూలు టీవీలో చూస్తాడు. మధ్యలో ఫైలు కుదించేటప్పుడు ముదురు ఛాయల మధ్య తేడాలన్నీ చెరిగిపోయి గళ్లుగళ్లుగా మారతాయి. అక్కడ మిగిలేది ఊహ కాదు, నల్లటి ముద్ద.

దీనికి మందు పాతదే. ఫ్రేములో ఎక్కడో ఒకచోట నిజమైన వెలుతురు ఉండాలి, చిన్న దీపమైనా, కిటికీ అంచైనా. కంటికి అది కొలమానం, దాన్ని బట్టి మిగతాది చీకటని తెలుస్తుంది. మనిషి ముఖం మీద లైటు తీసేస్తే వెనక గోడ మీద కాస్త వెయ్యాలి, ఆకారం తెగి కనిపిస్తుంది. భుజం మీద సన్నటి గీతలా వెనక లైటు పడితే ఇంకేమీ అక్కర్లేదు. ఎవరో ఉన్నారు, ఎటు తిరిగి ఉన్నారు, ఈ రెండూ తెలియాలి. ఎవరన్నది తెలియకపోయినా ఫరవాలేదు.

చట్రంతో దాచడానికి 'రోజ్‌మేరీస్ బేబీ' (1968)లోని ఒక షాటు కంటే మంచి పాఠం లేదు. ఒకావిడ లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఫోన్ చేస్తుంది. ఛాయాగ్రాహకుడు విలియం ఫ్రేకర్ ఆవిడ పూర్తిగా కనిపించేలా కెమెరా పెడితే, దర్శకుడు పొలాన్‌స్కీ దాన్ని పక్కకు జరిపించి, గుమ్మం కమ్మీ ఆవిడ ముఖానికి అడ్డం వచ్చేలా పెట్టించాడు. ఎందుకో ఫ్రేకర్‌కు అప్పుడు అర్థం కాలేదట. హాల్లో ఆ షాటు పడగానే జనమంతా తలలు పక్కకు వంచారు, గుమ్మం అవతల ఏముందో చూద్దామని! కెమెరా జరిగింది కాస్తంతే. పూర్తిగా దాచేసి ఉంటే ఎవరూ వంగేవారు కాదు. సగం కనిపించింది కాబట్టే మిగతా సగం కోసం మెడ సాగింది.

ఏది వదలకూడదన్నదీ తెలిసి ఉండాలి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఈ మూడూ ఊహకు వదిలే సరుకు కాదు. ఎలా జరిగింది, ఎలా కనిపించింది, ఎంత నొప్పి పుట్టింది, ఇవి వదలొచ్చు. ముగింపు మసకగా ఉంచి అదే లోతనుకునే సినిమాలు చాలా వచ్చాయి. రాసినవాళ్లకే ఏం జరిగిందో తెలియకపోతే ప్రేక్షకుడికి పట్టుబడిపోతుంది, ఎందుకంటే ఆనవాళ్లు ఒకదానికొకటి అతకవు. రఫ్ కట్, అంటే తొలి కూర్పు, అయ్యాక స్క్రిప్టు చదవనివాళ్లను ఓ ఐదారుగురిని కూర్చోబెట్టి చూపించడం పాత పద్ధతి. "నచ్చిందా?" అని అడక్కూడదు. "ఏం జరిగింది?" అని అడగాలి, తర్వాత "తలుపు వెనక ఆవిడ ఎలా ఉంది?" అని అడగాలి. మొదటిదానికి అందరూ ఒకే మాట చెప్పి, రెండోదానికి తలో మాట చెప్తే కోత సరిగ్గా కుదిరినట్టు. ఒకరికి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది, ఇంకొకరికి మిషను మీదే తల వాల్చి ఉంటుంది. మొదటి ప్రశ్నకే తలో మాట వస్తే ఎక్కడో ఆనవాలు నాటలేదు, వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

అలా వెనక్కి వెళ్లినప్పుడు చెయ్యి ముందు తొట్టి వైపే పోయేది. తల్లి ముఖం 9 అడుగులు, పిన్నుకు వేలాడుతూ అక్కడే ఉంది, అతికిస్తే అందరికీ అర్థమైపోతుంది. అనుభవం ఉన్న ఎడిటరు దాన్ని తీసి, లైటు ముందు ఒకసారి చూసి, మళ్లీ పిన్నుకే గుచ్చి, ఎక్కడో ముందు రీలులో దారం తెగిన చోటికి వెళ్లి అక్కడ ఇంకో అడుగున్నర చేర్చేవాడు. మిక్సింగ్ అయ్యేదాకా ఆ ముఖాన్ని తొట్టిలోంచి తీయనిచ్చేవారు కాదు.